గంటా పది నిమిషాల దూరం

"అమ్మా! గంటా పది నిమిషాల ప్రయాణం. కళ్ళు మూసి తెరిచేలోగా జొహాన్నెస్‌బర్గ్‌లో దిగుతాం. ఆ పులిహోర పొట్లం ఎందుకు చెప్పు?" అని డర్బన్ విమానాశ్రయంలో మా అమ్మాయి నన్ను కేకలేసింది.

ప్రయాణమంటే పులిహోర కట్టుకోవడం మా తరం వాళ్ళకి అలవాటు. గంట ప్రయాణమా, పది గంటల ప్రయాణమా అని లెక్కలు చూసి కట్టం. పొద్దున్నే అమ్మాయి స్నేహితురాలింట్లో చింతపండు నానబెట్టి, వాళ్ళావిడ వింతగా చూస్తున్నా లెక్కచెయ్యకుండా పోపు వేసి, రేకు కాగితంలో చుట్టి సంచీ అడుగున పెట్టాను. ఆ పొట్లం సంగతి మళ్ళీ వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో హిందూ మహాసముద్రం ఒడ్డున ఉంది డర్బన్. లోపలికి, ఎత్తైన పీఠభూమి మీద, సముద్రమట్టానికి 1,700 మీటర్లకు పైన ఉంది జొహాన్నెస్‌బర్గ్. రెంటికీ మధ్య ఆకాశంలో తిన్నగా గీత గీస్తే ఇంచుమించు 480 కిలోమీటర్లు. మన హైదరాబాదు నుంచి విశాఖకు విమానంలో వెళ్ళినంత దూరమే అనుకోండి. రోడ్డు మీద అయితే 570 కిలోమీటర్ల దాకా అవుతుంది, కారులో ఆరు గంటలు పడుతుంది. విమానం వాళ్ళు టికెట్టు మీద వేసేది గంటా పది నిమిషాలు. అందులోనూ గాలిలో ఉండేది గంట లోపే. మిగతాదంతా నేల మీద దొర్లడం.

ఆ రోజు విమానం నలభై నిమిషాలు ఆలస్యమని బోర్డు మీద పడింది. అందరితోపాటు నేనూ విసుక్కున్నాను. విసుక్కున్న మరునిమిషం సిగ్గేసింది. ఎందుకంటే, ఈ రెండూళ్ళ మధ్య ప్రయాణం గురించి నేనొక పిల్లకి ముప్ఫై అయిదేళ్ళుగా జవాబు బాకీ ఉన్నాను.

నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పేదాన్ని. మీకూ తెలిసిందే. గాంధీగారు మొదటి తరగతి టికెట్టు కొనుక్కుని రైలెక్కారు, తెల్లవాడు అభ్యంతరం చెప్పాడు, పోలీసు ఆయన్ని మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో కిందికి నెట్టేశాడు, రాత్రంతా చలిలో వెయిటింగ్ రూములో కూర్చుని ఆలోచించారు, ఆ రాత్రి ఆయన జీవితాన్ని మార్చింది. పాఠం అక్కడితో సరి. కింద ప్రశ్నలు, ఖాళీలు పూరించుట.

ఒకసారి వెనక బెంచీలో కూర్చునే ఓ బక్కపిల్ల లేచి, "మరి ఆయన వెళ్ళాల్సిన ఊరు చేరాడా టీచర్? ఎన్ని రోజులు పట్టింది?" అనడిగింది.

నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. "చేరాడులే, కూర్చో" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. గంట కొట్టారు. నేను బతికిపోయాననుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుని జవాబు తెలుసుకున్నాను. ఇప్పుడు ఆ రెండూళ్ళ మధ్యే కూర్చుని నలభై నిమిషాలకి సణుగుతున్నాను!

జవాబు ఇప్పుడైనా చెబుతాను, వినండి. ఆయన డర్బన్‌లో దిగింది 1893 మే నెలాఖరులో. వయసు 23 ఏళ్ళు. అప్పటికి కస్తూరిబా రాజకోటలో ఇద్దరు మగపిల్లలతో ఉంది. చిన్నవాడికి ఏడాది కూడా నిండలేదు. దాదా అబ్దుల్లా అనే వర్తకుడికి ప్రిటోరియాలో ఉన్న బంధువుతో 40,000 పౌన్ల వ్యాజ్యం. ఆ పని మీద ఈయన ప్రిటోరియా వెళ్ళాలి. ప్రిటోరియా అంటే జొహాన్నెస్‌బర్గ్ దాటి ఇంకో 37 మైళ్ళు.

డర్బన్‌లో బయల్దేరేటప్పుడే ఒక చిన్న ముచ్చట ఉంది. రైల్లో పక్కబట్టలు కావాలంటే అయిదు షిల్లింగులు అదనం. అబ్దుల్లా సేఠ్ తీసుకోమని బతిమాలాడు, డబ్బుకి వెనకాడకు అన్నాడు. ఈయన వినలేదు. అయిదు షిల్లింగులు మిగులుతాయని కొంతా, పంతం కొంతా అని ఆయనే రాసుకున్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పెద్దవాళ్ళ చరిత్రల్లో నాకు నచ్చేవి ఇలాంటి ముక్కలే. మనింట్లో మగవాళ్ళు రైల్లో దిండుకి డబ్బులు దండగని తలకింద చెయ్యి పెట్టుకుని పడుకోరూ, అచ్చం అలాగే.

జూన్ 7 రాత్రి తొమ్మిది గంటలకి మారిట్జ్‌బర్గ్. అక్కడ ఏం జరిగిందో మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం పాఠంలో సరిగా అర్థమయ్యేది కాదు. జూన్ అంటే మనకి ఎండలు తగ్గి వానలకి ఎదురుచూసే నెల. అక్కడ నడి చలికాలం. ఊరేమో ఎత్తు మీద. ఆయన ఓవర్‌కోటు సామాన్లలో ఉండిపోయింది. ఆ సామాను రైల్వేవాళ్ళ స్వాధీనంలో ఉంది. అడిగితే మళ్ళీ ఎవరు అవమానిస్తారోనని అడగలేదు. వణుకుతూ కూర్చున్నారు. నేను పిల్లలకి "చలిలో" అని ఒక్క మాట చెప్పి దాటేసేదాన్ని. ఆ స్టేషను చూసి వచ్చాం, చిన్న ఎర్రటి ఇటుక కట్టడం. మేం వెళ్ళిందీ చలికాలమే. ఊలు శాలువా కప్పుకుని కూడా పది నిమిషాలు నిలబడలేకపోయాను.

మర్నాడంతా అక్కడే గడిపి, సాయంత్రం బండెక్కారు. ఈసారి పక్కబట్టలకి అయిదు షిల్లింగులు కట్టారట! తెల్లారేసరికి చార్లెస్‌టౌన్. నేటాల్ రాజ్యం సరిహద్దు అది. రైలు పట్టాలు అక్కడితో సరి. ఆ తర్వాత ట్రాన్స్‌వాల్, అది బోయర్లనే డచ్చి సంతతివాళ్ళ రాజ్యం. జొహాన్నెస్‌బర్గ్‌కి గుర్రాలు లాగే పెద్ద కోచిబండి ఎక్కాలి, మధ్యలో స్టాండర్టన్ అనే ఊళ్ళో రాత్రి మజిలీ.

బండి అజమాయిషీ ఒక తెల్లవాడిది. ముందు నీ టికెట్టు చెల్లదన్నాడు. చెల్లుతుందని తేలాక, బండి లోపల తెల్లవాళ్ళ సరసన కూచోబెట్టడం ఇష్టంలేక, బండివాడి పక్కన, బయట, తను కూర్చోవలసిన చోట ఈయన్ని కూచోబెట్టి తను లోపల కూర్చున్నాడు. ఈయన మింగి ఊరుకున్నారు. మళ్ళీ పోట్లాడితే ఈ బండి కూడా తప్పిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి పార్డెకోప్ అనేచోట ఆ పెద్దమనిషికి చుట్ట కాల్చుకోవాలనిపించింది, గాలీ కావాలనిపించింది. మురికి గోనెపట్టా ఒకటి తీసి కాళ్ళు పెట్టుకునే చెక్క మీద పరిచి, "నువ్విక్కడ కూచో" అన్నాడు. ఇక ఈయన ఒప్పుకోలేదు. వాడు చెంపలు వాయించడం మొదలుపెట్టాడు. చెయ్యి పట్టి కిందికి లాగబోయాడు. ఈయన పక్కనున్న ఇత్తడి కడ్డీని పట్టుకున్నారు, మణికట్టు ఎముకలు విరిగినా వదలకూడదని. తిట్లు, దెబ్బలు. చివరికి లోపలి ప్రయాణికులే జాలిపడి, అతన్ని వదిలెయ్, తప్పు అతనిది కాదు, కావాలంటే మా పక్కన కూచోనీ అన్నారు. వాడు తగ్గాడు. తగ్గి ఏం చేశాడనుకున్నారు? బండివాడికి అటుపక్కన కూర్చున్న నల్లజాతి నౌకరుని లేపి ఆ గోనెపట్టా మీద కూచోబెట్టి, వాడి చోట్లో తను కూర్చున్నాడు.

ఇదే నన్ను పట్టుకున్న సంగతి. గోనెపట్టా ఖాళీగా ఉండలేదు. ఎవరో ఒకరు దాని మీద కూర్చునే ప్రయాణం చేశారు. ఆ మనిషి పేరు ఎక్కడా లేదు.

ఆ రాత్రి స్టాండర్టన్‌లో మనవాళ్ళు కొందరు ఎదురొచ్చి తీసుకువెళ్ళారు. మర్నాడు వేరే కోచిబండి, రాత్రికి జొహాన్నెస్‌బర్గ్. పెద్ద హోటలుకి వెళ్తే, చోటు లేదు పొమ్మన్నారు. ఒక వర్తకుడింట్లో తలదాచుకుంటే ఆయన నవ్వి, హోటల్లో చోటిస్తారని ఎలా అనుకున్నావయ్యా అన్నాడట. తర్వాత ప్రిటోరియా రైలు. పట్టుబట్టి మళ్ళీ మొదటి తరగతి టికెట్టే! దారిలో జెర్మిస్టన్ దగ్గర గార్డు వచ్చి మూడో తరగతికి పొమ్మంటే, పెట్టెలో ఉన్న ఒకే ఒక్క ఆంగ్లేయుడు గార్డుని కసిరి పంపేశాడు. ఆ సాయంత్రానికి ప్రిటోరియా.

చేరాడమ్మా, చేరాడు. డర్బన్‌లో రైలెక్కిన నాలుగో రోజు రాత్రికి జొహాన్నెస్‌బర్గ్, అయిదో రోజుకి ప్రిటోరియా. ఆ బక్కపిల్ల ఇప్పుడు ఎక్కడుందో, బహుశా తనకీ పెళ్ళికెదిగిన పిల్లలుంటారు.

ఆయన అలా వెళ్ళిన రెండున్నరేళ్ళకి, 1895 చివరికల్లా, జొహాన్నెస్‌బర్గ్ దాకా రైలు పట్టాలు పడిపోయాయి. బంగారు గనులున్న ఊరికి పట్టాలు ఆలస్యం కావు లెండి. 1934 నవంబరులో మూడు ఇంజన్ల జర్మనీ విమానం, యుంకర్స్, ఈ రెండూళ్ళ మధ్య తిరగడం మొదలుపెట్టింది. వారానికి మూడుసార్లు, 14 మంది ప్రయాణికులు. ఆ రోజుల్లో జొహాన్నెస్‌బర్గ్ విమానాలు దిగే మైదానం ఏ ఊళ్ళో ఉందో తెలుసా? గార్డు వచ్చి పొమ్మన్న ఆ జెర్మిస్టన్‌లోనే. తర్వాత 1950ల్లో రెండూళ్ళకీ పెద్ద విమానాశ్రయాలొచ్చాయి. డర్బన్‌దానికి లూయీ బోథా పేరు పెట్టారు. జొహాన్నెస్‌బర్గ్‌దానికి యాన్ స్మట్స్ పేరు. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

నేనిలా ఆలోచిస్తూంటే పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నా సంచీ వంక చూసి, ముక్కు ఎగబీల్చి, ఇంగ్లీషులో "చింతపండు కదూ?" అంది. డెబ్భై దాటి ఉంటాయి. గౌను, మెడలో పగడాల గొలుసు, నుదుట చిన్న బొట్టు. పొట్లం విప్పక తప్పలేదు. మా అమ్మాయి సిగ్గుతో ఫోనులో తల దూర్చింది. ఆవిడ మాత్రం చేత్తోనే తిని, "మా అవ్వ చేసేది" అంది. ఇంటిపేరు నాయుడట. అక్కడి స్పెల్లింగులో చివర రెండు 'ఓ'లు ఉంటాయి.

"బాగుండావా అమ్మా?" అని తెలుగులో అడిగింది. ఆవిడకొచ్చిన తెలుగు అదీ, ఇంకో పదీ పదిహేను మాటలూ. అయినా ఆ "బాగుండావా"లో ఏదో దక్షిణ జిల్లాల వాసన నూటయాభై ఏళ్ళు నిలిచిపోయింది చూడండి! నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి నెలరోజులు దాటి ప్రయాణం చేసి 342 మందితో డర్బన్‌లో ఆగింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద తెచ్చిన మొదటి జట్టు అది. ఆ ఒప్పందాన్ని, అంటే అగ్రిమెంటుని, కూలీలు గిర్మిట్ అనేవారు. 1911 దాకా అలా వచ్చినవాళ్ళు సుమారు లక్షా యాభైరెండు వేలు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే. అరవవాళ్ళు, మన తెలుగువాళ్ళు. 1931లో అక్కడి తెలుగువాళ్ళు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఈవిడ తెలుగు పాటలు నేర్చుకున్నది ఆ సభవాళ్ళు జరిపే ఆదివారం భజనల్లోనట.

"మేం చిన్నప్పుడు ఈ ప్రయాణానికి ఎంతసేపు పట్టేది?" అనడిగాను.

ఆవిడ నవ్వి, "ముందు పర్మిట్టుకి ఎన్నాళ్ళు పడుతుందో చెబితే కదా!" అంది.

నేటాల్లో పుట్టిన భారతీయుడు ట్రాన్స్‌వాల్‌లో అడుగు పెట్టాలంటే, అదంతా ఒకే దేశమైపోయాక కూడా, ప్రభుత్వం అనుమతి కాగితం కావాలి. పెళ్ళికైనా, చావుకైనా. ఆ నిబంధన 1975 దాకా ఉంది. ఇంకో చిక్కు ఏమిటంటే, డర్బన్ నుంచి జొహాన్నెస్‌బర్గ్ వెళ్ళే దగ్గర రోడ్డు ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే మూడో రాష్ట్రం అంచు మీదుగా పోతుంది. అక్కడ భారతీయులు కాపురం ఉండకూడదని 1891లో చేసిన చట్టం 1980ల మధ్య దాకా బతికే ఉంది. దాటి పోవచ్చు గానీ, అనుమతి లేకుండా రాత్రి నిద్ర చెయ్యకూడదు. ఆవిడ చిన్నాన్న పెళ్ళికి వ్యానులో బయల్దేరినప్పుడు వాళ్ళమ్మ రెండు రోజులకి సరిపడా అన్నం, రొట్టెలు, పెద్ద ఫ్లాస్కులో టీ కట్టిందట. దారిలో ఏ హోటలూ వాళ్ళని లోపలికి రానివ్వదు. ఫ్రీ స్టేట్ అంచు తగలగానే తండ్రి మాట్లాడడం మానేసి రోడ్డే చూసేవాడట. తల్లి పెదాలు కదుపుతూ దేవుణ్ణి తలుచుకునేది, బండి ఇక్కడ చెడిపోకుండా చూడు స్వామీ అని.

నా పులిహోర పొట్లానికి ఆ తల్లి పొట్లానికి ఎంత తేడా ఉందో నాకు అప్పుడు తెలిసింది. నాది అలవాటు, ఆవిడది అవసరం.

విమానం పిలిచారు. ఆవిడ సీటు ముందెక్కడో, మాది వెనక. కిటికీ పక్కన కూర్చుని, కింద ఎర్రమట్టి గుట్టలు చూస్తూ, సరిహద్దు సంగతే ఆలోచించాను. ఆ సరిహద్దుని కావాలని, జైలు కోసమే దాటిన ఆడవాళ్ళున్నారు. ఆ కథ మా పాఠంలో ఒక్క వాక్యం కూడా లేదు.

1913 మార్చి 14న కేప్ టౌన్‌లో సెర్ల్ అనే జడ్జి ఒక తీర్పు చెప్పాడు. క్రైస్తవ పద్ధతిలో గానీ, రిజిస్ట్రారు ముందు గానీ జరగని పెళ్ళి ఆ దేశంలో పెళ్ళి కాదన్నాడు. అంటే అగ్నిసాక్షిగా తాళి కట్టించుకున్న ఇల్లాళ్ళూ, నిఖా చేసుకున్న ఇల్లాళ్ళూ ఒక్క కలంపోటుతో ఎవరికీ ఏమీ కాకుండా పోయారు. పిల్లలకి వారసత్వం లేదు. ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న పోరాటం అప్పుడు వంటింట్లోకి వచ్చింది. కస్తూరిబా అప్పటికి 44 ఏళ్ళ మనిషి. ఫీనిక్స్ ఆశ్రమంలో మిగతా ఆడవాళ్ళని జైలుకి వస్తారా అని అడుగుతూ తనని అడగలేదని తెలిసి, నాలో ఏం లోపం కనిపించిందని భర్తని నిలదీసిందట. ఆ సెప్టెంబరులో నలుగురు ఆడవాళ్ళూ, పన్నెండుమంది మగవాళ్ళూ ఆ రైలు దారినే సరిహద్దుకి వెళ్ళి, పేర్లు చెప్పం పొమ్మని, అరెస్టయ్యారు. కస్తూరిబాకి మూడు నెలల శిక్ష. ఏ జైల్లో పెట్టారో ఊహించగలరా? మారిట్జ్‌బర్గ్‌లో. భర్తని స్టేషన్లో నెట్టేసిన ఊళ్ళోనే, ఇరవై ఏళ్ళ తర్వాత, భార్య జైలు కూడు తింది.

అటువైపు నుంచి, అంటే జొహాన్నెస్‌బర్గ్ వైపు నుంచి, ఇంకో పదకొండుమంది ఆడవాళ్ళు బయల్దేరారు. దాదాపు అందరూ అరవ ఇల్లాళ్ళు. ఆరుగురి చంకల్లో చంటిపిల్లలు. వాళ్ళకి తోడు వెళ్ళినవాడు తంబి నాయుడు. మారిషస్‌లో పుట్టిన మనిషి, బడిచదువు లేదు, అయినా ఇంగ్లీషు, అరవం, హిందుస్తానీ వచ్చు, తెలుగూ కొంత వచ్చునట. ఈ ఆడవాళ్ళు సరిహద్దు దాటి న్యూకాజిల్ బొగ్గు గనుల దగ్గరికి వెళ్ళి, కూలీల గుడిసెల ముందు నిలబడి, పని మానెయ్యండి అన్నారు. గిర్మిట్ తీరినవాడు అక్కడే ఉండాలంటే ఏడాదికి మూడు పౌన్ల తలపన్ను కట్టాలి. అతనికే కాదు, భార్యకీ, పదమూడేళ్ళు దాటిన కూతురికీ, పదహారు దాటిన కొడుక్కీ. గిర్మిట్ మొదట్లో నెలజీతం పది షిల్లింగులు. ఒక తలకి మూడు పౌన్లంటే ఆరు నెలల జీతం. ఇంట్లో నాలుగు తలలుంటే లెక్క మీరే వేసుకోండి. ఆ ఆడవాళ్ళు చెప్పింది ఈ లెక్కే. కూలీలు పార దించేశారు.

వేలమంది రోడ్డున పడ్డారు. న్యూకాజిల్‌లో లాజరస్ అనే ఒక మద్రాసు క్రైస్తవుడి ఇల్లు సత్రమైపోయింది. రెండు మూడు గదుల ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు పగలూ రాత్రీ పొయ్యి ఆర్పకుండా వండుతూనే ఉందనీ, మొహంలో విసుగన్నది లేదనీ గాంధీగారు రాశారు. పదిమంది చుట్టాలొస్తే మూడోరోజుకి నా మొహం ఎలా ఉంటుందో మా వాళ్ళనడగండి!

సరిహద్దు చార్లెస్‌టౌన్ అక్కడికి 36 మైళ్ళు. నడిచారు. అక్కడ బహిరంగ వంట, అన్నం, పప్పు. వడ్డించేది గాంధీగారే. పప్పులో నీళ్ళెక్కువయ్యేవి, అన్నం పలుకుగా ఉండేది. ఎవరూ పేచీ పెట్టలేదు. నవంబరు 6 పొద్దున్న 2,037 మంది మగవాళ్ళు, 127 మంది ఆడవాళ్ళు, 57 మంది పిల్లలు చార్లెస్‌టౌన్‌లో బయల్దేరి సరిహద్దు వాగు దాటి ట్రాన్స్‌వాల్‌లో అడుగుపెట్టారు. రోజుకి మనిషికి ముప్పాతిక సేరు రొట్టె, చారెడు పంచదార. రోజుకి ఇరవై నాలుగు మైళ్ళు నడిచి, ఎనిమిది రోజుల్లో జొహాన్నెస్‌బర్గ్ పక్కనున్న టాల్‌స్టాయ్ ఫారం చేరాలని సంకల్పం.

దారి కొత్తదేం కాదు. ఇరవై ఏళ్ళ కిందటి కోచిబండి దారే. స్టాండర్టన్‌లో గాంధీగారు జనానికి రొట్టెలు పంచుతూంటే మేజిస్ట్రేటు వచ్చి, పంచడం పూర్తయ్యేదాకా ఆగి, అరెస్టు చేశాడు. ఒకప్పుడు చెంపదెబ్బలు తిని రాత్రి మజిలీ చేసిన ఊరు అదే. నాలుగు రోజుల్లో ఆయన్ని మూడుసార్లు అరెస్టు చేశారు. జనం మాత్రం ఆగలేదు.

ఆ నడకలో ఇద్దరు తల్లుల బిడ్డలు పోయారు. ఒక బిడ్డ చలికీ, ఎండకీ తట్టుకోలేక. ఇంకో బిడ్డ వాగు దాటుతుండగా తల్లి చంకలోంచి జారి నీళ్ళలో పడి. తల్లులు ఆగలేదని రాసి ఉంది. పోయినవాళ్ళ కోసం ఏడుస్తూ కూర్చుంటే తిరిగిరారు, ఉన్నవాళ్ళ కోసం నడవాలని వాళ్ళలో ఒకావిడ అందట. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎవరి మీదో చెప్పలేను. అంత పెద్ద మాట ఆ తల్లి చేత అనిపించిన రోజుల మీద కావచ్చు. ఆ తల్లుల పేర్లూ నాకు ఎక్కడా కనిపించలేదు. ఏ జిల్లా వాళ్ళో, ఏ భాషలో జోలపాడేవారో.

నవంబరు 10న బాల్‌ఫోర్ అనే స్టేషన్ దగ్గర, జొహాన్నెస్‌బర్గ్ ఇంకా యాభై మైళ్ళుందనగా, అందర్నీ చుట్టుముట్టి మూడు ప్రత్యేక రైళ్ళలో ఎక్కించి నేటాల్‌కి తిప్పి పంపేశారు. గనుల చుట్టూ ముళ్ళకంచె కట్టి, ఇదే మీ జైలు అన్నారు. గని మేస్త్రీలే జైలు వార్డర్లు. అప్పటి ప్రధానమంత్రి లూయీ బోథా. ఆయన మంత్రివర్గంలో, గాంధీగారితో బేరసారాలు నడిపినవాడు యాన్ స్మట్స్. రెండు విమానాశ్రయాల పేర్లూ ఇప్పుడు గుర్తొచ్చాయా? నలభై ఏళ్ళ పాటు ఈ గంట ప్రయాణం బోథాగారి దగ్గర బయల్దేరి స్మట్స్‌గారి దగ్గర ఆగేది. ఆ పేర్లు 1990ల మధ్యలో తీసేశారు. 2006 నుంచి జొహాన్నెస్‌బర్గ్‌ది ఆలివర్ టాంబో విమానాశ్రయం. ముప్ఫై ఏళ్ళు దేశానికి రాలేక ప్రవాసంలో గడిపినవాడి పేరు, దేశంలోకి వచ్చే వాకిలికి పెట్టారు. 2010లో డర్బన్‌కి కొత్త విమానాశ్రయం కట్టి జులూ రాజు షాకా పేరు పెట్టారు.

1914లో మూడు పౌన్ల పన్ను పోయింది, మన పెళ్ళిళ్ళు మళ్ళీ పెళ్ళిళ్ళయ్యాయి. పర్మిట్టు మాత్రం ఇంకో అరవై ఏళ్ళు ఉంది, చెప్పాను కదా. ఆ చట్టం వచ్చేనాటికి వల్లియమ్మ లేదు. జొహాన్నెస్‌బర్గ్‌లో పుట్టిన అరవ పిల్ల. ఇండియా ఎలా ఉంటుందో చూడనే లేదు. ఆమెనూ మారిట్జ్‌బర్గ్ జైల్లోనే పెట్టారు. అక్కడ జ్వరం పట్టుకుంది. ఇంటికి తెచ్చిన కొద్ది రోజులకే, 1914 ఫిబ్రవరి 22న పోయింది. పదహారేళ్ళు. నా ఎనిమిదో తరగతి పిల్లలకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే.

పైనుంచి ఏదో ప్రకటన వినిపించింది. దిగడానికి సిద్ధంగా ఉండమనీ, బెల్టులు బిగించుకోమనీ. మా అమ్మాయి నిద్రలేచి, "అప్పుడే వచ్చేశామా?" అంది.

కిటికీలోంచి చూశాను. ఎండిన గడ్డి మైదానం, దాని మధ్య ఒక రైలు పట్టా, సన్నగా నల్లదారంలా. విమానం దారి బాల్‌ఫోర్ దగ్గర్లోంచే పోతుందని ముందురోజు రాత్రి పటంలో వేలుపెట్టి చూసుకున్నాను. కింద కనిపించేది అదో, మరొకటో.

"ఇంకా యాభై మైళ్ళుంది" అన్నాను.

"అంటే పది నిమిషాలే కదమ్మా" అని అది జుట్టు సవరించుకుంది.